మూడో ఎర్రకార్డు

కూడలిలో ఎర్రదీపం వెలిగింది, బస్సు ఆగింది. స్టీరింగు వెనక తమ్ముడు. అద్దానికి అవతల, రోడ్డు వారగా, నడుం తిప్పుతూ మోచేతులు విసురుతూ వడినడక నడుస్తున్న అతని కన్నకూతురు. ఆ పిల్ల వెనకే సైకిలు మీద, మెడలో స్టాప్‌వాచీ వేలాడుతూ అతని అక్క, ఆటగాళ్ల బూట్లు బాగుచేసే బూట్లక్క. పదకొండేళ్లుగా మాటల్లేని అక్కాతమ్ముళ్లు ఆ అద్దంలోంచి ఒకర్నొకరు చూసుకున్నారు. బస్సులో నలభై మంది జనం, దిగడానికి వీల్లేదు. దీపం పచ్చగా మారింది. వెనక హారన్లు మోగాయి. బస్సు కదిలిపోయింది. కిందటి వారం మనం వాళ్లను వదిలింది అక్కడే.

అప్పుడు ఉదయం ఆరూ నలభై. తమ్ముడు డ్యూటీ దిగేది మధ్యాహ్నం రెండున్నరకి. ఆ ఎనిమిది గంటలు బూట్లక్కకు ఎనిమిది నెలలయ్యాయి.

ఆమె కొట్టు రెండు చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగిలేంత. ఆటగాళ్ల బూట్లు తప్ప వేరే బూట్లు ముట్టుకోదు. పెళ్లికి వెళ్లాలి, కాస్త మెరుగు పెట్టమ్మా అని ఎవరైనా వస్తే, పక్క వీధి చూపించి పంపేస్తుంది. గోడ పొడవునా అరలు, అరల్లో చీటీలు కట్టిన జతలు, మధ్యలో ఇనప దిమ్మె, దాని పక్కన జిగురు డబ్బా. అరిగిన అడుగు చూసి ఆట చెప్పేస్తుందని ఆమెకు పేరు. ఒక్క బొటనవేలు దగ్గరే రాసుకుపోతే టెన్నిస్. ముందు పాదం అరిగితే పరుగు. లోపలి అంచు కోసుకుపోతే బ్యాడ్మింటన్. మడమ బయటి అంచు కొడవలిలా అరిగితే మాత్రం ఆమె పని ఆపి, ఆ బూటు తెచ్చిన మనిషి మొహం చూస్తుంది. అది నడక పందెం వాళ్ల బూటు.

నాలుగు నెలల కిందట అలాంటి జతతోనే మేనకోడలు ఈ గడప తొక్కింది. పదిహేడేళ్ల పిల్ల. ఒకచోట కుదురుగా నిలబడదని ఇంటిల్లిపాదీ కందిరీగ అని పిలుస్తారు. "ఎనిమిది వందల మీటర్లు పరిగెడతానత్తా" అని అబద్ధం చెప్పబోయింది. బూట్లక్క బూటు తిరగేసి, "ఇవి పరిగెత్తే బూట్లు కావే" అంది. అంతే, పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరూ నేర్పకుండా, ఫోనులో చూసి, తనంతట తాను నడుస్తోందని అప్పుడు తెలిసింది. ఆ రోజే పంపేసి ఉండాల్సింది. పంపలేకపోయింది.

ఇవాళ ఆ సంగతే తలుచుకుంటూ ఒక ఎడమకాలి అడుగుకు జిగురు రాసి, కుడికాలి బూటుకు అతికించింది. ముప్పయ్యేళ్ల చేతిపనిలో ఎన్నడూ జరగని పని. మళ్లీ ఊడదీయడానికి అరగంట పట్టింది.

రెండింటికల్లా కందిరీగ కాలేజీ సంచీతో దిగబడింది.

"నువ్వెందుకొచ్చావే? ఇంటికి పో. నేను మాట్లాడతాను."

"నా గురించి మాట్లాడుకుంటూ నన్ను పొమ్మంటే ఎలా అత్తా? రేపు పొద్దున పదింటికి కాగితం ఇవ్వాలి. నాన్న సంతకం కావాలి. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి."

సంచీలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఆదివారం జరిగే ఎంపిక పోటీ. బాలికలు, ఐదు కిలోమీటర్ల నడక. కింద రెండు గళ్లు. ఒకటి తండ్రి లేదా తల్లి సంతకానికి, ఒకటి నేర్పినవాళ్ల సంతకానికి. రెండూ ఖాళీ.

మూడు కావస్తుండగా గుమ్మంలో వెలుతురు తగ్గింది. తమ్ముడు డ్రైవరు చొక్కాతోనే వచ్చేశాడు. చంకల దగ్గర చెమట ఉప్పు తేలి చారలు కట్టింది. జుట్టు సగం నెరిసింది. నాలుగేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు, శవానికి చెరో పక్క నిలబడ్డ రోజున చివరిసారి దగ్గరగా చూసింది వాణ్ణి. అప్పటికి జుట్టు ఇంత నెరవలేదు.

లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి కూతురితో అన్నాడు.

"పద, ఇంటికి."

"రాను నాన్నా."

"రమ్మన్నానా?"

"కాగితం మీద సంతకం పెట్టు. వస్తా."

 తమ్ముడికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఇప్పుడూ తగ్గిందని బూట్లక్క గమనించింది.

"అక్కా." పదకొండేళ్ల తర్వాత ఆ మాట. "నీకు మొక్కుతా. దాన్ని పరుగు పెట్టించు. ఈత నేర్పు. గుండు విసిరించు, ఎత్తు దూకించు. నేనేమన్నా అంటానా? నీ దగ్గరికి పంపి నా బస్సు నేను నడుపుకుంటా. ఆ నడక ఒక్కటీ వద్దు."

"నేను దింపలేదురా. అదే వచ్చింది."

"చిన్నపిల్ల. అదే వస్తుంది. తలుపెయ్యాల్సింది నువ్వు."

కందిరీగ మధ్యలో దూరింది. "అత్తా, మా ఇంట్లో టీవీ ఎలా చూస్తామో నీకు తెలీదు కదా. గడియారంతో తేలే ఆటలు చూడొచ్చు. టేపుతో కొలిచే ఆటలు చూడొచ్చు. మనిషి మార్కులేసే ఆట వస్తే చాలు, నాన్న లేచి కట్టేస్తాడు. జిమ్నాస్టిక్స్ లేదు. బాక్సింగ్ లేదు. ఒకటే కొలను. అందులో ఈదితే చూడొచ్చు, పైనుంచి దూకితే మాత్రం టీవీ ఆపాలి. అమ్మకేమో అలా దూకేవాళ్లను చూడటమంటేనే ప్రాణం. పక్కింటికెళ్లి చూసొస్తుంది."

వేరే రోజైతే బూట్లక్క పడీపడీ నవ్వేది. ఎందుకంటే ఆమెది సరిగ్గా దానికి అడ్డం తిరిగిన రుచి. ఇసకలో దూకి టేపు పట్టుకునే ఆటలంటే ఆమెకు చిన్నచూపు. కొలతబద్దకు కళ్లుండవు, ఎవరు ఎలా దూకారో దానికేం తెలుసు అంటుంది. బరువులెత్తే పోటీల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుని తెల్లదీపం వెలిగిస్తారే, అది ఇష్టం. కత్తిసాము ఇష్టం. అన్నిటికన్నా నడక ఇష్టం. ఒక పాదం ఎప్పుడూ నేలను అంటి ఉండాలి, అదీ లేస్తే పరుగు కింద లెక్క; ముందుకేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. పరిగెత్తగల శక్తి ఉండీ పరిగెత్తకుండా తనను తాను పట్టుకోవడం. యంత్రాలేవీ లేవు. దారి వెంబడి నిలబడ్డ మనుషులు మామూలు కంటితో చూస్తారు. ముగ్గురు వేర్వేరుగా తప్పు పట్టి ఎర్రకార్డు రాస్తే ఆ నడిచేవాడు బయటికి పోవాలి.

ఆ రోజుల్లో ఆమె అలా చూసే మనుషుల్లో ఒకతె. కొట్టు మూసి, తెల్ల చొక్కా వేసుకుని, ఎండలో గంటల తరబడి రోడ్డు పక్క నిలబడేది.

తమ్ముడు కూతురి వైపు తిరిగాడు. "సరే, చెప్పు. ఏముంది ఆ నడకలో? జనం నవ్వుతారు. బాతు నడక అంటారు. నీకంత ఇష్టమేంటి?"

 ఎప్పుడూ గలగలా మాట్లాడే కందిరీగ బల్ల అంచు గీరుతూ నిలబడింది.

"పరిగెత్తేటప్పుడు నా తలలో ఏమీ ఉండదు నాన్నా. ముందు ఎవరున్నారో, వెనక ఎవరొస్తున్నారో, అదొక్కటే. నడిచేటప్పుడు మడమ ఆనిందా, మోకాలు నిలిచిందా, తుంటి తిరిగిందా, ప్రతి అడుగూ నాకు తెలుస్తుంది. నేను కుదురుగా ఉండేది అప్పుడొక్కటే. మీరంతా నన్ను కందిరీగంటారు కదా. నడకలో నేను కందిరీగని కాను."

 ఎదురు కొట్టువాడు టైరుకు గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది.

"మీ అత్త నీకన్నీ చెప్పిందా?" అన్నాడు తమ్ముడు చివరికి. "నన్ను పోటీలోంచి తీసేశారని చెప్పింది సరే. మూడో కార్డు రాసిందెవరో చెప్పిందా?"

కందిరీగ అత్త మొహం చూసింది. బూట్లక్క తల దించుకుంది.

"పందొమ్మిదో కిలోమీటరు," అన్నాడు తమ్ముడు. "ఇంకొక్క కిలోమీటరు. రెండో స్థానంలో ఉన్నా. మొదటి ముగ్గురినీ జట్టులోకి తీసుకుంటారు. ముగింపు గీత ఇంకో ఐదు నిమిషాల్లో వచ్చేస్తుందనగా న్యాయనిర్ణేతల పెద్దాయన ఎదురొచ్చి ఎర్ర పలక చూపించాడు. ఎవరు రాశారో అప్పుడు చెప్పరు. సాయంత్రం గోడ మీద పట్టిక అంటించారు. ఆరో నంబరు న్యాయనిర్ణేత. ఆరో నంబరు ఎవరో తెలుసా? పొద్దున్నే నాకు బూట్ల లేసులు కట్టి పంపిన మనిషి."

"అత్తా?"

"నిజమేనే," అంది బూట్లక్క. "ఆ రోజు ఒకాయన రాలేదు. నా తమ్ముడు నడుస్తున్నాడండీ, నన్ను పెట్టకండి అని చెప్పాను. వేరే మనిషి దొరకలేదమ్మా, నీ కన్ను మీద నాకు నమ్మకం అన్నాడు పెద్దాయన. ఆ మాటకు ఉబ్బిపోయి నిలబడ్డాను."

ఆ తర్వాత ఏడాది లోపే ఆమె తెల్ల చొక్కా తిరిగి ఇచ్చేసింది. ఎందుకు ఇచ్చేసిందో ఎవరూ అడగలేదు. తమ్ముడి మీద కార్డు రాయాల్సి వచ్చిందే అన్న దిగులుతో మానేసిందనుకున్నారు. నిప్పులాంటి మనిషి అన్నారు. తోడబుట్టినవాణ్ణి కూడా వదల్లేదు, అదీ న్యాయమంటే అని కొట్టుకొచ్చినవాళ్లు పొగిడారు. ఆ పొగడ్త విన్న ప్రతిసారీ ఆమెకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

తమ్ముడు మొదటిసారి గడప దాటి లోపలికొచ్చాడు. బూట్లు విప్పించుకునే వాళ్లు కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఒక్కటే అడుగుతా. ఇన్నేళ్లూ అడగలేదు. నా కాలు లేచిందా? నువ్వు చూశావా?"

ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని ఆమెకు తెలుసు. దానికి జవాబు ఎన్నో రకాలుగా కూర్చుకుంది. చూశానురా అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటతో పరువు నిలుస్తుంది, పిల్ల కంట్లో తన స్థానం నిలుస్తుంది. వాడు లేచి వెళ్లిపోతాడు, అంతేగా, ఇప్పుడు మాత్రం ఏం ఉన్నాడు గనక. నాలుక దాకా వచ్చింది. కానీ ఎదురుగా ముక్కాలిపీట మీద వాడు చిన్నప్పుడు కూర్చున్నట్టే, మడమలు లోపలికి పెట్టుకుని కూర్చున్నాడు.

"చూడలేదు," అంది.

కందిరీగ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎండ ఎదురుగా పడుతోంది. నువ్వు మలుపు తిరిగావు. నీ పక్కన ఇంకో ఇద్దరున్నారు. నీ కాళ్లు వాళ్ల కాళ్ల వెనక పడిపోయాయి. నాకు నడుం పైభాగమే కనిపించింది. నీ భుజాలు ఎగిరాయి. భుజాలు చూసి కార్డు రాయకూడదు, పాదం చూసి రాయాలి. ఆ సంగతి నా కన్నా బాగా ఎవరికీ తెలీదు."

"మరెందుకు రాశావ్?"

"బోర్డు మీద నీ నంబరు పక్కన అప్పటికే రెండు ఎర్ర గుర్తులున్నాయి. దాటుకుంటూ వెళ్లిన ప్రతివాడూ నన్నే చూస్తున్నాడు. ఈమె తమ్ముడే అట, ఈమె రాస్తుందా అని నా వెనక ఎవరో అన్నారు. నేను రాయకపోతే, తమ్ముణ్ణి కాపాడుకుందంటారు. ఆ మాట పడలేనని రాశాను. నా పేరు కోసం రాశాను. నీ కాలు లేచిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదు."

చెప్పేసి ఆమె దిమ్మె మీదున్న బూటు తీసి ఒళ్లో పెట్టుకుంది, ఏదో ఒకటి పట్టుకోవాలి కాబట్టి.

తమ్ముడు తిట్టలేదు. లేవలేదు. నేల వంక చూశాడు. నేల మీద రబ్బరు పొట్టు, తెగిన దారం ముక్కలు. ఆ తర్వాత వాడు అన్న మాట బూట్లక్క ఊహించుకున్న వంద రకాల్లో ఒక్క దాన్లోనూ లేదు.

"లేచింది," అన్నాడు.

"ఏంటి?"

"కాలు లేచింది. ఆ మలుపు తిరిగాక ఎనిమిది అడుగులు పరిగెత్తానక్కా. లెక్క పెట్టుకుంటూ మరీ పరిగెత్తా. పక్కన వాళ్లిద్దరూ అడ్డంగా ఉన్నారు, ఎవరికీ కనపడదులే అనుకున్నా."

కందిరీగకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పిల్ల మొహంలో మారిన రంగు చూసి తండ్రి కళ్లు తిప్పుకున్నాడు.

"మరైతే నాన్నా, ఇన్నేళ్లూ అత్త మీద కోపం దేనికి?"

"నాకే తెలీదు." గొంతు ఇంకా తగ్గింది. "చూసిందనుకున్నా. అందరూ గుడ్డివాళ్లైనా మా అక్క కంట పడిపోయానే అనుకున్నా. చూస్తే మాత్రం వదిలెయ్యొద్దా, సొంత తమ్ముణ్ణి కదా అని కోపం. లోపల ఏదో మూల గర్వం కూడా. మా అక్క కన్ను దాటి ఏదీ పోదని బస్సు డిపోలో చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు చూడలేదంటోంది. నేనిప్పుడు ఎవరి మీద కోప్పడాలి?"

"నా మీదే పడు," అంది బూట్లక్క. "చూడకుండా రాయడం తప్పే. కంటికి కనపడితేనే తప్పు అని పుస్తకంలో స్పష్టంగా ఉంది. నాకు కనపడలేదు."

"పుస్తకం మాట అలా ఉంచు. నేను పరిగెత్తాను."

పదకొండేళ్లు ఎడమొహం పెడమొహంగా బతికిన ఇద్దరూ, తప్పు నాదంటే నాదని పోట్లాడుకునే దగ్గరికొచ్చారు. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు. ఆ కొట్టులో మాత్రం ఎవరికీ రాలేదు.

"ఎందుకు పరిగెత్తావురా? రెండో స్థానంలోనే ఉన్నావుగా. అవసరం లేదు."

తమ్ముడు తలెత్తాడు. "ఎందుకంటే నాకు పరుగంటే ఇష్టం. నడక నాకెప్పుడూ ఇష్టం లేదక్కా. ఒక్క రోజు కూడా. నాన్న కుస్తీ తప్ప ఇంకోటి ఆటే కాదనేవాడు. నువ్వొక్కదానివే నా చెయ్యి పట్టుకుని గ్రౌండుకి తీసుకెళ్లావు. నీకు నడకంటే పిచ్చి. నేను నడిస్తే నీ మొహం వెలిగిపోయేది. ఆ మొహం కోసం ఏడేళ్లు నడిచాను. ఆ రోజు మలుపు దగ్గర ఒళ్లంతా ఒక్కసారి పరిగెత్తు అంది. ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిదే నావి."

 లేసులు కట్టి పంపింది తనే, అనుకుంది బూట్లక్క. ఇష్టమేనా అని ఒక్కసారి అడగలేదు. అడగాలని తట్టనే లేదు. ఒళ్లో ఉన్న బూటు మీద నీటి చుక్క పడితే, అది తన కంట్లోంచి వచ్చిందని తెలియడానికి క్షణం పట్టింది.

"నేను నిన్ను అడక్కపోవడం..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"పోన్లే," అన్నాడు తమ్ముడు. "ఇదైతే తన నోటితో తనే చెప్పింది కదా ఇష్టమని."

జేబులోంచి పెన్ను తీశాడు. బల్ల మీద కాగితం తనవైపు తిప్పుకుని, పైనుంచి కిందికి ప్రతి అక్షరం చదివి, తండ్రి గడిలో సంతకం పెట్టాడు. పెన్ను అక్క ముందు పెట్టాడు.

"నేర్పినవాళ్ల గడి నీది. ఇన్నేళ్లకు ఒక మంచి పని చేద్దాం ఇద్దరం కలిసి."

బూట్లక్క బూటు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని పెన్ను అందుకుంది. ఆ గడి పైన చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ అభ్యర్థి నియమాల ప్రకారం నడవగలదని ధ్రువీకరిస్తున్నాను. ఆమె దాన్ని పైకి చదివింది. కలం కాగితానికి ఆనించింది.

"ఆగత్తా."

కందిరీగ బల్లకు అవతలి వైపు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. 

"బుధవారం నాకు ఐదు కిలోమీటర్లు ఇరవైఐదు నిమిషాల లోపు వచ్చింది కదా. నువ్వు సైకిలు దిగి చప్పట్లు కొట్టావు కదా."

"అవును. మొదటిసారి."

"చివరి రౌండులో నువ్వు వాచీ చూస్తున్నావు. నా కాళ్లు చూడలేదు." పిల్ల తన పాదాల వంక చూసుకుంది. "కాళ్లు లేచాయత్తా. రెండూ. తెలిసే లేపాను. ఎన్ని అడుగులో కూడా తెలీదు. చెబుదామనుకున్నా, నీ మొహం చూసి చెప్పలేకపోయా."

గడియారం ఆటలంటే పడదని ఊరందరికీ చెప్పుకునే మనిషి, ఆ రోజు గడియారాన్నే చూసింది. బూట్లక్క పెన్ను మూత పెట్టేసింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. కోప్పడతాడేమో అని కందిరీగ గోడకు ఇంకా అతుక్కుపోయింది. కానీ వాడు కూతుర్ని చూడడం లేదు, అక్కను చూస్తున్నాడు, ఇప్పుడేం చేస్తావన్నట్టు.

"ఆ ఒక్కసారేనా?" అడిగింది బూట్లక్క.

"ఒక్కసారే తెలిసి చేశా. తెలీకుండా ఎప్పుడైనా లేస్తుందేమో నాకెలా తెలుస్తుంది? అందుకే భయం. ఆదివారం పరువు పోతే నీది కూడా పోతుంది."

"నా పరువు సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు," అంది బూట్లక్క. అంత కటువుగా ఆ పిల్లతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "బూట్లు వేసుకో," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఈ వీధిలోనే."

మూడున్నర ఎండ. వీధి ఆ చివర్న ప్రింటింగు ప్రెస్సు గేటు దాకా దాదాపు నూటయాభై గజాలు, తిన్నగా ఉంటుంది. టైర్ల కొట్టువాడు తప్ప జనం లేరు. బూట్లక్క ఎండ వీపున పడేలా ఒక చోటు చూసుకుని, రోడ్డు పక్కన గొంతుక్కూర్చుంది. తమ్ముణ్ణి ఇరవై అడుగులు అవతల నిలబెట్టింది. వాడు ఏడేళ్లు నడిచినవాడు, ఏది నడకో ఏది పరుగో వాడి కంటికి ఒకరు చెప్పక్కర్లేదు. చీటీల పుస్తకంలోంచి రెండు కాగితాలు చించి, ఒకటి వాడికిచ్చి ఒకటి తను తీసుకుంది.

"మనిద్దరం మాట్లాడుకోకూడదు. సైగలొద్దు. నీ కళ్లతో చూసింది నువ్వు రాయి. నేను చూసింది నేను రాస్తా. చూడకపోతే చూడలేదని రాయి. దాని తండ్రివని మర్చిపో."

"నువ్వు మర్చిపోగలవా?" అన్నాడు తమ్ముడు.

ఆమె అప్పటికే గేటు దగ్గరికి వెళ్లిన కందిరీగ వైపు తిరిగింది.

"పూర్తి వేగంతో నడు," అని కేకేసింది గేటు వైపు. "పోటీలో నడిచినట్టు. ఎవరి మొహమూ చూడకు."

కందిరీగ గేటు దగ్గర నిలబడి రెండుసార్లు ఊపిరి పీల్చింది. బయల్దేరింది. మోచేతులు కొడవళ్లలా ఊగాయి, తుంటి తిరిగింది, మడమలు నేలను ఒకదాని తర్వాత ఒకటి టకటకా తాకాయి. టైర్ల కొట్టువాడు పంపు వదిలి నోరు తెరుచుకుని చూశాడు. పిల్ల దగ్గరకొచ్చింది. బూట్లక్క మొహం చూడలేదు, భుజాలు చూడలేదు. రోడ్డుకూ బూటుకూ మధ్య ఉన్న సందును మాత్రం, రెప్ప వెయ్యకుండా, కళ్లు మండేదాకా చూసింది. పిల్ల ఆమెను దాటింది. తండ్రిని దాటింది. వీధి చివర ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వెనక్కి తిరగకుండా నిలబడిపోయింది.

బూట్లక్క కాగితాన్ని తొడ మీద పెట్టుకుని ఒక ముక్క రాసింది. అవతల తమ్ముడు గోడకు ఆనించి రాశాడు. రాయడానికి వాడు ఆమెకన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

కొట్టులోకి వచ్చి, ఇద్దరూ మడిచిన కాగితాలు సంతకం లేని ఆ గడి పక్కనే పెట్టారు. కందిరీగ వచ్చి మధ్యలో నిలబడింది. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"నువ్వే విప్పు," అన్నాడు తండ్రి.

పిల్ల మొదటి కాగితం విప్పింది. చదివింది. రెండోది విప్పింది. చదివింది. మళ్లీ మొదటిదాని వైపు చూసింది.

ఇద్దరూ చూసింది ఒకే నడక. కానీ ఒక కాగితం మీదున్న మాట రెండోదాని మీద లేదు. ఎవరు ఏ మాట రాశారో వచ్చే వారం చూద్దాం.